ఆ అంచు నాది

హో గెక్ చూ అనే ఆవిడ మా ఒడ్డుకు వచ్చి నాలుగేళ్లయింది. నాకు కడుపుమంట పట్టుకునీ నాలుగేళ్లే అయింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. సిగ్గుపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

మా ఒడ్డు అంటే పులావ్ కెరాపు అనే దీవికి దక్షిణపు ఒడ్డు, వంతెన దాటాక రెండో బస్‌స్టాపు. నెలలో కొన్ని రోజులు నీళ్లు బాగా వెనక్కి తగ్గుతాయి. పగడాలు, సముద్రపు గడ్డి, నక్షత్రచేపలు అన్నీ బయటపడతాయి. మేము ఓ ఇరవైమందిమి జీతం భత్యం లేకుండా తెల్లవారకముందే వెళ్లి, ఏది ఎక్కడుందో చూసి రాసుకుంటాం. జంతువు కనపడిన చోట పక్కనే చిన్న జెండా గుచ్చుతాం. కాగితం మీద దాని పేరు, అది ఉన్న చోటు రాస్తాం. చివరి గడిలో కనుక్కున్నవాళ్ల పేరు రాయాలి. ఆ చివరి గడి కోసం ఎవరూ రారని మావాళ్లంతా అంటారు. పచ్చి అబద్ధం. నేను దానికోసమే వచ్చేదాన్ని.

నా పేరు కమారియా. స్కూలు కాంటీన్‌లో 'మీ రెబుస్' అనే చిక్కటి పులుసు నూడుల్స్ అమ్ముతాను. పుట్టింది ఇంకా దక్షిణాన ఉన్న వేరే దీవిలో. తొమ్మిదేళ్లప్పుడు సర్కారువాళ్లు దీవి ఖాళీ చేయించి మమ్మల్ని తెచ్చి పదో అంతస్తులో పెట్టారు. నీళ్లలోకి చూడటం నాకెవరూ నేర్పలేదు, నడక వచ్చినప్పుడే వచ్చింది. అందుకే మా ఒడ్డున ఎనిమిదేళ్లపాటు ప్రతివాళ్ల నోటా ఒకటే మాట, "కక్‌ని అడుగు." కక్ అంటే అక్క. మా బృందానికి పెద్ద వెర్నన్, సముద్రజీవుల మీద పెద్ద చదువు చదివినవాడు, వాడు కూడా నన్నడగందే ఏ జెండా సంగతీ తేల్చేవాడు కాదు.

అప్పుడు దిగింది గెక్ చూ. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. మోకాళ్లదాకా బూట్లు, మెడలో కెమెరా, చేతిలో తడవని నోటుపుస్తకం. ఎనిమిదేళ్లలో నాకు మూడే మూడుసార్లు కనపడిన సముద్రగుర్రం, ఆవిడకు మొదటిరోజు మూడు గంటల్లో రెండు కనపడ్డాయి.

"ఆంటీ గెక్ చూ, మీకు డేగ కళ్లండీ!" అని వెర్నన్ ఎగిరి గంతేశాడు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

పోనీ పొగరుబోతు అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. అదీ కాదు. నాకంటే ఆరేళ్లు పెద్దది, నన్ను "కక్, కక్" అంటూ వెంట తిరిగేది. "కక్, దీన్ని మలయ్‌లో ఏమంటారు? మీ అమ్మగారు ఏమనేవారు?" అని నోటుపుస్తకం తెరిచి నిలబడేది. ఒకసారి ఆవిడ సముద్రపు దోసకాయ అనే జంతువును చూపిస్తే, ఒళ్లు మండి "తిమున్ బుసుక్" అని చెప్పాను. కుళ్లు దోసకాయ అని అర్థం. ఆవిడ భక్తిగా రాసుకుంది. ఆరునెలలపాటు చూడవచ్చిన ప్రతి బడిపిల్లకూ అదే పేరు నేర్పింది. మలయ్ పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆవిడా వాళ్లతో కలిసి నవ్వేది. నేను ఇంటికొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాను.

మా ఆయన ఉస్మాన్ మాత్రం నవ్వలేదు. "నువ్వు సముద్రానికి పోతున్నావా, సవతి దగ్గరికి పోతున్నావా?" అన్నాడు.

"నోరు మూసుకుని పిట్టలకు గింజలు వెయ్యి," అన్నాను.

ఇన్ని చెప్పాను గానీ, ఎవరికీ చెప్పనిది ఒకటుంది. మా ఒడ్డు చివర, నీళ్లు ఎంత తగ్గినా ఏడాదికి ఐదారుసార్లకు మించి తేలని అంచు దగ్గర, రెండు పగడపు రాళ్ల మధ్య ఒక కిమా ఉంది. కిమా అంటే పెద్ద ఆల్చిప్ప. జానెడున్నర పొడవు, పెంకు నిండా కుచ్చిళ్లు. మా ఒడ్డున కిమా ఒక్కటీ మిగల్లేదని వెర్నన్ జాబితాలో ఎప్పుడో కొట్టేశారు. నాకది ఆరేళ్ల కిందట కనపడింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, భయం. మా దీవిలో కిమాలను ఉడకబెట్టుకుని తినే పాడుచేశాం. మా అమ్మే తట్టలకొద్దీ వండింది. పదిమందికి తెలిస్తే దీన్నీ ఎవడో చాకు పట్టుకుని వచ్చి కోసుకుపోతాడనుకున్నాను. ఆ మాట అప్పట్లో నిజమే. గెక్ చూ వచ్చాక మాత్రం కారణం మారిపోయింది. ఆవిడకు పేరొచ్చిన ప్రతిసారీ నేను లోపల్లోపల అనుకునేదాన్ని, ఎగురు, ఎంతెగురుతావో ఎగురు, నా దగ్గరున్నది నీకు ఏడు జన్మలెత్తినా దొరకదు అని. అందరూ వెనక్కి మళ్లాక ఆఖరున ఒక్కదాన్నీ అంచుకు పోయి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, దాన్ని చూసుకుని వచ్చేదాన్ని. నా నీడ పడగానే ఠక్కున మూసుకునేది. కాసేపు కదలకుండా ఉంటే మెల్లగా తెరుచుకునేది.

ఈ జూన్‌లో వెర్నన్ మమ్మల్నందరినీ పిలిపించాడు. ఒడ్డు గోడ కుంగిపోతోందట. దాని ముందు రాళ్లు పోసి గట్టిపరుస్తారట. మాకు నాలుగు పొద్దులు ఇచ్చారట, బుధవారం నుంచి శనివారం దాకా. పొద్దున మేము జెండాలు గుచ్చాలి, మధ్యాహ్నం నీళ్లు పెరిగాక ఈతగాళ్లు వచ్చి, జెండా ఉన్న ప్రతి జంతువునూ ఎత్తి వేరే పగడపు దిబ్బకు తీసుకుపోతారు.

"జెండా లేనివి?" అని ఎవరో అడిగారు.

"జెండా లేనిది రాళ్ల కిందకే," అన్నాడు వెర్నన్.

అప్పుడు నా మనసులో ఏం మెదిలిందో చెబితే నా ముఖాన ఉమ్మేస్తారు. ఒడ్డు పోతోందని ఏడుపు రాలేదు. ఇంకేం, ఇప్పుడు చూపిస్తాను నా కిమాను, అని సంబరమేసింది.

బుధవారం గెక్ చూ జెండాలు ముప్పయి ఒకటి, నావి పందొమ్మిది. గురువారం ఆవిడవి నలభై, నావి ఇరవై రెండు. కిమాకు ఆ రెండు రోజుల్లో ఎప్పుడైనా జెండా గుచ్చగలిగేదాన్ని, నీళ్లు అంతగా తగ్గాయి. గుచ్చలేదు. మొదటిరోజే చూపిస్తే నాలుగోరోజుకు పాతబడిపోతుంది కదా. ఆఖరి రోజు, ఆఖరి అరగంటలో, వెర్నన్ని చెయ్యిపట్టుకుని అంచుకు తీసుకుపోవాలి. వెనక ఇరవైమందీ రావాలి. వాళ్లలో ఆవిడ ఉండాలి. ఆ ముఖం నేను చూడాలి. రెండు రాత్రులు నిద్రలో కూడా ఇదే.

శుక్రవారం ఆవిడకు ఒంటినిండా బుడిపెలుండే నక్షత్రచేప పిల్ల ఒకటి దొరికింది, గులకరాయంత. అంత చిన్నది మా ఒడ్డున ఎవరూ చూసింది లేదు. అందరూ చప్పట్లు. పైగా ఆవిడ దాన్ని అరచేతిలో నీళ్లు పోసి పట్టుకుని ముందు నా దగ్గరికే తెచ్చింది. "కక్, చూడు కక్, ఎంత బుల్లిదో!"

"చూశాను మిసెస్ హో. నాకూ కళ్లున్నాయి," అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు చల్లగా అనిపించింది.

ఆ సాయంత్రం శనివారానికి ఎవరు ఏ వైపు వెతకాలో పంచుకుంటున్నాం. "అంచు ఎవరు తీసుకుంటారు? ఆంటీ గెక్ చూ, మీరైతే..." అని వెర్నన్ అంటుండగానే, "అంచు నాది," అన్నాను. గట్టిగానే అన్నానేమో, అందరూ తిరిగి చూశారు. "ఒక్కదాన్నే చూసుకుంటాను. ఎవరూ అక్కర్లేదు."

గెక్ చూ నా వైపు ఒక క్షణం చూసి నవ్వింది. "అవును వెర్నన్, అంచు కక్‌దే. నేను గడ్డివైపు పోతాను."

ఆ నవ్వు నాకు ఒంటిమీద కారం చల్లినట్టుంది. జాలిపడి వదిలేస్తోందా నాకు? రేపు తెలుస్తుందిలే, అనుకున్నాను.

శనివారం ఆటుపోట్ల పట్టిక ప్రకారం ఆరుంబావుకు నీళ్లు ఆ నెల మొత్తంలోకీ తక్కువ. పట్టికను చూసుకుని మురిసిపోయాను, గాలిని చూడలేదు. జూన్ తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి గాలివాన ఎప్పుడు విరుచుకుపడుతుందో ఎవరికీ తెలియదని, పడమటి గాలి తోస్తే నీళ్లు తగ్గాల్సినంత తగ్గవని, మా దీవిలో ఏడేళ్ల పిల్ల చెబుతుంది. నేను యాభై ఎనిమిదేళ్లదాన్ని, అచ్చువేసిన అంకెను నమ్ముకున్నాను.

అయిదున్నరకే పడమర నల్లబడింది. గాలి లేచింది. ఆరుగంటలకు నేను అంచు దగ్గర ఉన్నాను. కిమా ఉన్న చోట నీళ్లు నడుము లోతు, పైగా నురగ, బురద. ఏమీ కనపడదు. పావుగంటలో తగ్గుతాయిలే అని నిలబడ్డాను. తగ్గలేదు. జెండా చేతిలో రెపరెపలాడుతోంది. మెరుపు మెరిసింది. వెర్నన్ ఈల మీద ఈల వేస్తున్నాడు. ఈల వేస్తే ఎంతవాళ్లయినా ఒడ్డెక్కాల్సిందే, మా కట్టుబాటు అది.

అందరం బస్‌స్టాపు చూరు కింద తడిసి ముద్దయి నిలబడ్డాం. వెర్నన్ కాగితాలు తీసుకుని ఒక్కొక్కరినీ అడిగాడు. "ఇదే ఆఖరు. మధ్యాహ్నం ఈతగాళ్లు మిగతావి ఎత్తేస్తారు. రేపు పొద్దున పని మొదలవుతుంది, పడమటి చివర నుంచి. ఇంకేమైనా మిగిలిందా? జెండా లేకపోయినా ఫర్వాలేదు, చోటు చెప్పండి చాలు, నేను వాళ్లకు చెబుతాను."

చోటు చెప్పండి చాలు. ఎంత తేలిక! ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆ ఒక్క మాట అంటే, ఆరేళ్లు దాచిపెట్టానని ఇరవైమంది ముందు ఒప్పుకోవాలి. కిమాను చూపించి గెలవాలనుకున్నదాన్ని, చూపించకుండా దొంగనని తేలాలి. ఆవిడ ముందా! గెక్ చూ నా వైపే చూస్తోంది. తలతుడుచుకుంటున్న తువ్వాలు ఆపేసి మరీ చూస్తోంది.

"కక్? అంచు దగ్గర?" అన్నాడు వెర్నన్.

"ఏమీ లేదు," అన్నాను.

తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి పడ్డాను. మధ్యాహ్నమంతా లెక్కలు వేసుకున్నాను. పని పడమటి చివర మొదలు, నా అంచు తూర్పు చివర. ఎంత లేదన్నా రెండు రోజులు పడుతుంది. రేపు కూడా నీళ్లు బాగా తగ్గుతాయి. నేనే పోయి, ఉలితో దాన్ని రాయినుంచి విడదీసి, బకెట్లో పెట్టి ఎక్కడో వదిలేస్తాను. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు.

"ఏమైంది నీకు? ఎవరైనా పోయారా?" అన్నాడు ఉస్మాన్. నేను లేచి ఉలి వెతుక్కున్నాను.

ఆదివారం గాలి లేదు, మబ్బు లేదు. బకెట్, ఉలి పట్టుకుని పోతే ఒడ్డుకు అడ్డంగా రేకుల కంచె, దానికో గేటు, గేటు దగ్గర కాపలా ముసలాయన.

"లోపలికి వద్దు కక్. పని జరుగుతోంది."

"పని పడమట కదా! నేను తూర్పుకి పోతాను, పదే పది నిమిషాలు."

"గోడ పని పడమటే. రాళ్లు తెచ్చిన బార్జి పడవ తూర్పున ఆగింది. అక్కడైతేనే దానికి లోతు. రాళ్లన్నీ ముందు అంచు మీదే దింపుతున్నారు," అన్నాడాయన, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా.

బార్జికి లోతు కావాలి. దీవిలో పుట్టినదాన్ని, పడవల మధ్య పెరిగినదాన్ని, ఇది నాకు తట్టలేదు. రేకుల సందులోంచి చూస్తే క్రేను వంగి లేస్తోంది. రాళ్లు పడుతున్న చప్పుడు కాళ్లకు తెలుస్తోంది.

వెర్నన్ ఫోను ఎత్తలేదు. ఇంకెవరికి చేయాలి? ఆ పని చేయించే ఇంజినీరు నంబరు ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. అన్నీ నోటుపుస్తకంలో రాసుకునేది ఆవిడ ఒక్కతే. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. చేశాను.

"గెక్ చూ, అంచు దగ్గర... ఒకటి ఉండిపోయింది," అన్నాను. ఆవిడను పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఏమిటని అడగలేదు. ఎందుకని అడగలేదు. "అయ్యో కక్! అక్కడే ఉండు," అని పెట్టేసింది. ఇరవై నిమిషాల్లో టాక్సీ దిగింది, ఇంట్లో తొడుక్కునే పూల పైజామా, హవాయి చెప్పులతో. దారిలోనే ఇంజినీరుతో మాట్లాడేసినట్టుంది. ఆయన గేటు తీయించి మా ఇద్దరి నెత్తిన హెల్మెట్లు పెట్టి, "అరగంట ఆపుతాను ఆంటీ, అంతకంటే నావల్ల కాదు," అన్నాడు. క్రేను ఆగింది.

నీళ్లు పట్టికలో ఉన్నంతా తగ్గాయి, ఆ పూట ఒక్క అంగుళం తేడా లేదు. అంచు మొత్తం తేలింది. నా రెండు పగడపు రాళ్లున్న చోట మనిషంత ఎత్తు రాళ్లగుట్ట ఉంది. ఒక్కో రాయి ఫ్రిజ్ అంత. నేను మోకాళ్లమీద పడి సందుల్లోకి చేతులు పెట్టాను. అరచేయంత పెంకు ముక్క ఒకటి వచ్చింది, తెల్లగా, కుచ్చిళ్లతో, విరిగినచోట కొత్తగా మెరుస్తూ. ఇంకేమీ రాలేదు. ఏడుపు ఎక్కడ దాగిందో గాని, అప్పుడు తన్నుకొచ్చింది.

గెక్ చూ నా పక్కన కూలబడింది. పైజామా తడిసిపోతోంది. "నువ్వు జెండా పెట్టేశావనుకున్నాను కక్," అంది.

ఏడుపు ఆగిపోయింది. "దేనికి?"

"కిమాకి."

"నీకు... నీకెలా తెలుసు?"

"రెండేళ్లయింది. అందరం వెళ్లిపోయేటప్పుడు నువ్వొక్కదానివే వెనక్కొచ్చి ఇక్కడ వంగేదానివి. ప్రతిసారీ బూటు లేసే ఊడుతుందా అని ఒకసారి కెమెరాలోంచి చూశాను. పెంకు అంచు కనపడింది. అంతే, కెమెరా దించేశాను."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్లు తాగాను.

"మరి రాయలేదేం? నీ పేరు రాసుకునేదానివి కదా! ఊరంతా నీ పేరు చెప్పుకునేవాళ్లు!" అరిచాను. ఎవరిమీద అరుస్తున్నానో నాకే తెలియదు.

"నీది కదా," అంది. ఇంత మామూలుగా అంది. "నీది నేనెలా రాసుకుంటాను? నువ్వే ఒకరోజు పిలిచి చూపిస్తావని ఎదురుచూశాను. శుక్రవారం అంచు నాది అన్నావు చూడు, ఆహా, రేపే చూపిస్తుందన్నమాట అనుకున్నాను. నిన్న వెర్నన్ అడిగితే ఏమీ లేదన్నావు. అంటే ముందే గుచ్చేశావు, మిగిలింది లేదు అనుకున్నాను. నాదే తప్పు కక్. నోరు తెరిచి అడగాల్సింది. నీకు కోపం వస్తుందని భయపడ్డాను."

కొడితే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది. నేను పెంకు ముక్కను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. ఇంజినీరు దూరం నుంచి గడియారం చూపించాడు.

గెక్ చూ ముక్కు తుడుచుకుని, కాస్త మొహమాటంగా అడిగింది. "కక్, లోపల ఏ రంగు దానిది? ఏ కిమా రంగు దానిదేనంటారు కదా. నేనెప్పుడూ దగ్గరికి పోలేదు. ఒక్కసారి కూడా చూడలేదు."

ఫొటో ఎక్కడా లేదు. నేనూ తీయలేదు, దొరికిపోతానని. ఆ రంగు చూసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. నాలుగేళ్లు నేను కోరుకున్నది ఇదే కదా, ఆవిడకు లేనిది నాకొకటుండాలని. నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా, ఆ రాళ్ల పక్కన కూర్చుని కూడా, ముందు నాకొచ్చిన ఆలోచన చెప్పకూడదనే. ఇదొక్కటైనా నాకుండనీ అని. ఛీ, ఏం బతుకు నాది.

"నీలం," అన్నాను. "ముదురు నీలం. మధ్యలోకి పోయేకొద్దీ గోధుమరంగు. అంచు పొడవునా ఆకుపచ్చ చుక్కలు, ఎవరో వరసగా పెట్టినట్టు."

ఆవిడ నోటుపుస్తకం తేలేదు. కళ్లు మూసుకుంది. "ఊఁ, చెప్పు. తెరుచుకునేటప్పుడు ఎలా ఉండేది?"

చెప్పాను. నీడ పడితే ఎలా ముడుచుకునేదో, ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఎంతసేపటికి కొసలు బయటపెట్టేదో, ఎండపొడ తగిలితే నీలం ఎలా ఊదాలోకి తిరిగేదో, అన్నీ చెప్పాను. వింటూ వింటూ ఆవిడ పెదవులమీదికి చిన్న నవ్వొచ్చింది, తిమున్ బుసుక్ పిల్లలతో కలిసి నవ్వినప్పటి నవ్వే. ఆ మూసిన కళ్ల వెనక కిమా బతికుంది, తెరుచుకుంటోంది. నా కళ్లముందు మాత్రం రాళ్లే ఉన్నాయి. ఆ ముఖం చూసి నాకు మళ్లీ ఒళ్లంతా అసూయ పుట్టింది.